జాలారి అడవుల వేరు శిలీంధ్రాలు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

గుజరాత్‌లోని తడకేశ్వర్ లిగ్నైట్ గనిలో సుమారు 5.2 కోట్ల సంవత్సరాల నాటి గుగ్గిలపు ముక్కలు దొరుకుతాయి. చెట్ల నుంచి కారిన బంక గట్టిపడి, తనలో చిక్కుకున్న పురుగుల్నీ ఆకు తునకల్నీ చెక్కు చెదరకుండా దాచింది. అలాంటి ఒక ముక్కలో సన్నని వేరు కొనలు, వాటిని తొడుగులా కప్పిన శిలీంధ్రం కనిపించాయని 2011లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. పూల మొక్కల వేళ్ళకూ శిలీంధ్రాలకూ మధ్య ఉండే ఈ తరహా పొత్తుకు శిలాజ సాక్ష్యం దొరకడం అదే మొదలు. ఆ బంక కార్చిన చెట్లు డిప్టెరోకార్పేసీ కుటుంబానివి. ఉత్తరాంధ్ర కొండల్లోని గుగ్గిలం చెట్టు, అంటే సాల వృక్షం, ఆ కుటుంబానిదే. శేషాచలం, వెలికొండ, పాలకొండల్లోని జాలారి, తంబ జాలారి కూడా ఆ కుటుంబానివే.

ఈ పొత్తు ఇంకా పాతదన్న వాదన కూడా ఉంది. మడగాస్కర్‌లో మాత్రమే పెరిగే సార్కోలేనేసీ అనే కుటుంబం డిప్టెరోకార్ప్‌లకు దగ్గరి బంధువు. ఆ చెట్ల వేళ్ళలోనూ ఇదే రకం శిలీంధ్ర బంధం ఉందని 2004లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు చూపారు. భారత భూభాగం మడగాస్కర్ నుంచి విడిపోయింది సుమారు 8.8 కోట్ల సంవత్సరాల క్రితం. రెండు కుటుంబాలకూ మూలమైన చెట్టు అంతకు ముందే శిలీంధ్రంతో జత కట్టి ఉండాలని వాళ్ళ వాదన. ఇంత పాత చరిత్ర ఉన్న అడవుల్లో ఇవాళ ఏ చెట్టు కింద ఏ శిలీంధ్రం బతుకుతోందో రాసిపెట్టడంలో మనం ఎంత దూరం వచ్చాం, ఇక ముందు ఎలా రాయాలి అన్నదే ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం మొదటే చెబుతాను. జాతుల జాబితా ఎంత పొడవున్నా అది నమోదు కాదు. ఎండబెట్టి భద్రపరిచిన నమూనా, పచ్చిగా ఉన్నప్పుడు రాసుకున్న వివరాలు, అది ఏ చెట్టు వేరును పట్టుకుందో చెప్పే సాక్ష్యం, డీఎన్ఏ క్రమం, ఈ నాలుగూ ఒకే సంఖ్య కింద ఒకచోట దొరికితేనే ఆ శిలీంధ్రం నమోదైనట్టు.

వేరుకూ శిలీంధ్రానికీ మధ్య ఉండే ఈ పొత్తునే మైకోరైజా అంటారు. ఆ మాట అనగానే తెలుగు రైతుకు గుర్తొచ్చేది 'వామ్' పొడి. అది వేరు కణాల లోపలికి చొచ్చుకుపోయే రకం. మన పంటల్లో ఎక్కువ భాగం, టేకు, వేప, ఎర్రచందనం దాని మీదే ఆధారపడతాయి. ఆ శిలీంధ్రాలు పుట్టగొడుగులు వేయవు. ఇక్కడ చర్చిస్తున్నది బాహ్య మైకోరైజా. ఇందులో శిలీంధ్రపు పోగులు వేరు కొన చుట్టూ ఒక తొడుగు అల్లి, కణాల మధ్య సందుల్లోకి వల పన్నుతాయి గానీ కణాల లోపలికి వెళ్ళవు. ఆ వలకు జర్మన్ వృక్షశాస్త్రవేత్త థియోడర్ హార్టిగ్ పేరు పెట్టారు. మట్టిలోంచి భాస్వరం, నత్రజని తెచ్చి చెట్టుకిచ్చి, చెట్టు తయారుచేసిన చక్కెరలో వాటా తీసుకోవడం ఈ పొత్తులోని లావాదేవీ. మైకోరైజా అన్న పేరును 1885లో ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ పెట్టాడు. ప్రష్యా ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పని ట్రఫుల్ సాగు సాధ్యమేమో చూడమని. ఆయన చేతికి దొరికింది అడవి బతికే తీరు.

మొక్క జాతుల్లో బాహ్య మైకోరైజా కట్టేవి 2 శాతమే. కానీ పైన్, ఓక్, సాల, యూకలిప్టస్ లాంటి వాటితో పెద్ద పెద్ద అడవులు నిండి ఉంటాయి కాబట్టి ఆ 2 శాతం బరువు చాలా ఎక్కువ. మొక్కలు ఏటా వేరు శిలీంధ్రాలకు పంపే కర్బనం 1,312 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమని 2023లో ఒక అంచనా వెలువడింది. అందులో సుమారు 907 కోట్ల టన్నులు బాహ్య మైకోరైజాదే. ఈ పొత్తులో ఉన్న శిలీంధ్రాలు దాదాపు 20,000 జాతులుంటాయని అంచనా. అమానిటా, రుసులా, లాక్టేరియస్, బొలీటస్, ఇనోసైబ్ లాంటి గొడుగులవాళ్ళు కొందరు. నేలలో ఉండలు కట్టేవి కొన్ని. పడిపోయిన దుంగ అడుగున పల్చటి పూతలా మాత్రమే కనిపించేవి ఇంకొన్ని. ఒక్క జాగ్రత్త అవసరం. మన వంటింటికి బాగా తెలిసిన, చెదపుట్టల మీద వచ్చే పుట్టగొడుగులు ఈ లెక్కలోకి రావు. వాటిని పెంచేది చెట్టు కాదు, చెదపురుగు.

మన దేశంలో ఈ నమోదు మొదలైంది చెట్టును మరిచిపోయి. జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848 నుంచి 1850 వరకు సిక్కిం హిమాలయాల్లో తిరిగినప్పుడు సేకరించిన శిలీంధ్రాలు ఇంగ్లండులోని మైల్స్ జోసెఫ్ బర్కిలీ చేతికి వెళ్ళాయి. ఆయన వాటికి పేర్లు పెట్టి వర్ణించాడు. ఎండిన ముక్క, కొన్ని వాక్యాల లాటిన్ వర్ణన, దొరికిన చోటు పేరు, అంతే మిగిలింది. 1931లో బట్లర్, బిస్బీ కలిసి తెచ్చిన 'ద ఫంగై ఆఫ్ ఇండియా' అప్పటివరకు ప్రకటించిన పేర్లన్నిటినీ ఒకచోట చేర్చింది. పునాదిగా అది గొప్ప పుస్తకం. కానీ దాని మీద వచ్చిన చాలా జాబితాల్లో ఒక చిక్కు అలాగే కొనసాగింది. ఉష్ణమండలంలో దొరికిన శిలీంధ్రాన్ని యూరప్ పుస్తకంలోని బొమ్మతో పోల్చి, దగ్గరగా అనిపించిన యూరప్ పేరు తగిలించడం. బస్తర్ సంతల్లో తొలకరికి వచ్చే 'బోడా' దీనికి మంచి ఉదాహరణ. జార్ఖండ్‌లో దాన్నే రుగ్డా అంటారు. సాల వేళ్ళతో బతికే ఈ గుండ్రటి శిలీంధ్రం కిలో వెయ్యి రూపాయలు దాటి అమ్ముడుపోతుంది. దీన్ని చాలాకాలం ఆస్ట్రేయస్ హైగ్రోమెట్రికస్ అనే యూరప్ జాతిగానే రాశారు. 2000 తర్వాతి దశాబ్దంలో థాయిలాండ్ నమూనాల డీఎన్ఏ చూశాక ఆసియాలోవి వేరే జాతులని తేలింది. ప్రజలు తరతరాలుగా తింటున్న, సంతలో ధర పలికే శిలీంధ్రానికే సరైన పేరు అంత ఆలస్యంగా వస్తే, ఎవరూ తినని చిన్న గోధుమరంగు గొడుగుల సంగతి ఊహించుకోవచ్చు.

కొత్త ప్రాంతంలో ఈ పని ఎలా చేయాలో చూపించిన చోటు, నా దృష్టిలో, గయానా. దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని ఈ చిన్న దేశంలో పకరైమా పర్వతాల మధ్య డైసింబే కొరింబోసా అనే చెట్టు ఇంచుమించు ఒంటరిగా అడవిని ఏలుతుంది. అది చిక్కుడు కుటుంబపు వృక్షం. అమెజాన్ చుట్టుపక్కల పల్లపు అడవుల్లో బాహ్య మైకోరైజా దాదాపు లేదనే నమ్మకం ఎంతో కాలం నడిచింది. టెరీ హెంకెల్, కేథీ ఎయిమ్ వంటివారు అక్కడికి చేరాక ఆ నమ్మకం నిలవలేదు. వాళ్ళ పనిలో నాకు నచ్చేది కొత్త జాతుల సంఖ్య కాదు. ఎంచుకున్న పద్ధతి, చూపిన ఓపిక. ముందు చెట్టు వేళ్ళు తవ్వి చూసి, తొడుగు ఉందని నిర్ధారించుకున్నారు. తర్వాత కొలిచి గుర్తు పెట్టిన ప్లాట్లకు ఏటా వానల్లో మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఏడేళ్ళ ప్లాటు అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. 120కి పైగా జాతులు. వాటిలో అధిక భాగం శాస్త్రానికి కొత్తవి. మరోవైపు వేరు కొనల డీఎన్ఏ విడిగా చదివారు. ఆ అడవిలో కలిసి పెరిగే మూడు రకాల చెట్లు చాలావరకు ఒకే శిలీంధ్రాలను పంచుకుంటున్నాయని 2011 నాటి ఆ అధ్యయనంలో తేలింది. దారి చూపి, శిబిరం నడిపి, కొండల్లో వెతికిపెట్టినవాళ్ళు అక్కడి పటమోనా ఆదివాసులు. వాళ్ళు ఏవి తింటారో 2004లో ఒక ప్రత్యేక వ్యాసంగా వచ్చింది.

ఏళ్ళ తరబడి వెళ్ళాల్సిన అవసరం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. శిలీంధ్రం ఏడాది పొడవునా నేలలో ఉంటుంది గానీ పైకి వచ్చి కనిపించేది కొద్ది రోజులే. ఈ ఏడు వచ్చింది వచ్చే ఏడు రాకపోవచ్చు. ఒక్క వానాకాలంలో తిరిగి రాసిన జాబితా ఆ ఏటి వాన గురించి చెప్పేది ఎక్కువ, అడవి గురించి చెప్పేది తక్కువ.

పుట్టగొడుగులు చూసి మాత్రమే లెక్క వేస్తే ఎంత తప్పుతుందో కాలిఫోర్నియా చూపించింది. పాయింట్ రేస్ దగ్గరి బిషప్ పైన్ అడవిలో మోనిక్ గార్డెస్, టామ్ బ్రన్స్ పైన కనిపించే గొడుగులనూ కింది వేరు కొనలనూ పక్కపక్కనే పెట్టి చూశారు. పైన విపరీతంగా కనిపించిన సుయిలస్ పంజెన్స్ వేళ్ళ మీద చాలా తక్కువగా ఉంది. వేళ్ళను ఆక్రమించినవి పైకి అంతగా కనబడనివి. 1996లో వచ్చిన ఆ వ్యాసం తర్వాత వేరు కొనను చూడకుండా అడవి శిలీంధ్ర సమాజం గురించి మాట్లాడడం కష్టమైంది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ థాయిలాండ్‌లోని ఆకురాల్చే డిప్టెరోకార్ప్ అడవి. జాలారి అక్కడా పెరుగుతుంది. అక్కడి వేరు కొనల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో రుసులా, లాక్టేరియస్ వర్గంతో పాటు టోమెంటెల్లా వర్గం ముందు వరుసలో ఉంది. టోమెంటెల్లాలు దుంగల అడుగున, రాళ్ళ సందున పూతలా పెరుగుతాయి. కాలిబాట వెంట నడిచే సేకర్త కంటికి అవి తగలవు.

అలాగని డీఎన్ఏ ఒక్కటే చాలునా? ఈ ప్రశ్న దగ్గర పరిశోధకుల్లో రెండు ధోరణులు ఉన్నాయి. డీఎన్ఏ చాలన్నది ఒకటి, భద్రపరిచిన నమూనా కూడా ఉండాలన్నది రెండోది. నేను రెండోవైపు మొగ్గుతాను. 2012లో ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని శిలీంధ్రాలకు అధికారిక బార్‌కోడ్‌గా ఎంచుకున్నారు. ఎస్టోనియాలోని టార్టూ కేంద్రంగా నడిచే యునైట్ అనే నిధి ఆ క్రమాలను గుంపులుగా చేసి, పేరు లేని గుంపుకూ ఒక స్థిరమైన సంఖ్య ఇస్తుంది. గుప్పెడు మట్టిలో వందల గుంపులు బయటపడతాయి. కానీ వాటిలో చాలావాటికి రూపం లేదు, రంగు లేదు, భద్రపరిచిన నమూనా లేదు. ప్రపంచవ్యాప్త పటాలదీ ఇదే సమస్య. స్పన్ అనే సంస్థ 130 దేశాల మట్టి నమూనాల ఆధారంగా 2025లో నేచర్ పత్రికలో వేరు శిలీంధ్రాల పటం ప్రకటించింది. శిలీంధ్ర సంపద ఎక్కువగా ఉందనుకున్న చోట్లలో రక్షిత ప్రాంతాల్లోకి వచ్చేది 10 శాతం లోపే అని అందులో ఉంది. విధానాలు రాసేవాళ్ళు తప్పక చదవాల్సిన మాట అది. అయితే నమూనా తీయని చోట ఆ పటం చూపే రంగు గణితం వేసిన అంచనా. తూర్పు కనుమల మీద పడిన రంగును చూసి అక్కడి శిలీంధ్రాలు తెలిసిపోయాయని అనుకోకూడదు. 'చెట్లు భూమి కింద మాట్లాడుకుంటాయి' అన్న ప్రచారం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఆ ప్రచారంలోని చాలా మాటలకు అడవిలో దొరికిన రుజువు బలహీనమని 2023లో జస్టిన్ కార్స్ట్, ఆమె సహచరులు చూపారు. ఏ చెట్టుకు ఏ శిలీంధ్రమో తెలియని అడవిలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో చెప్పడం తొందరపాటు.

మన దేశంలో మంచి పని జరిగిన చోట్లు ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ బృందం పశ్చిమ కనుమల డిప్టెరోకార్ప్ అడవిలోని బాహ్య మైకోరైజా వైవిధ్యంపై 2005లో కరెంట్ సైన్స్‌లో రాసింది. కేరళలో పాలోడు వృక్షోద్యాన పరిశోధన సంస్థ, కాలికట్ విశ్వవిద్యాలయం రెండూ దశాబ్దాలుగా గొడుగు శిలీంధ్రాలను సేకరిస్తున్నాయి. 2017లో దీప్న లత, మణిమోహన్ తెచ్చిన కేరళ ఇనోసైబ్‌ల పుస్తకం ఒక్క ప్రజాతి కోసం ఎంత కూర్చోవాలో చూపిస్తుంది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కనడ్ దాస్, ఆయన సహచరులు హిమాలయాల నుంచి సాల అడవుల వరకు రుసులా, లాక్టేరియస్, బొలీట్‌లను ఒక్కొక్కటిగా విడదీస్తున్నారు. 2018లో సాల చెట్ల కింద దొరికిన ఒక బొలీట్‌ను ఏ ప్రజాతిలోనూ చేర్చలేక ఇండోపోరస్ షోరియే అని కొత్త ప్రజాతినే పెట్టారు. మన ఉత్తరాంధ్ర సాల అడవి, దక్షిణాన ఆ చెట్టు వ్యాపించిన హద్దు. ఒక చెట్టు తన హద్దు దగ్గర ఏ శిలీంధ్రాలను వెంట ఉంచుకుంది, ఏవి వదిలేసింది అన్నది శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోనే తేలాల్సిన ప్రశ్న.

ఇక శేషాచలం. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ కొండల్లో ఎర్రచందనం గురించి అందరికీ తెలుసు. దాని వేళ్ళది వామ్ రకం పొత్తు. ఆ పక్కనే ఉన్న తంబ జాలారి ప్రపంచంలో మరెక్కడా లేదు, తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లో తప్ప. ఆ కుటుంబపు చెట్ల వేళ్ళను ఆసియాలో ఎక్కడ తవ్వినా బాహ్య మైకోరైజా కనిపిస్తూ వచ్చింది. ఒక్క చోటే మిగిలిన చెట్టు వెంట ఒక్క చోటే మిగిలిన శిలీంధ్రాలు ఉండే అవకాశం ఉంది. అందుకే నమోదు ఇక్కడ మొదలవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక్కడి కాలం వేరు. కేరళలో జూన్ వానలతో సేకరణ మొదలవుతుంది. శేషాచలానికి నైరుతి వానలు కొంత, అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య వానలు ఎక్కువ. పశ్చిమ కనుమల క్యాలెండర్ పట్టుకుని జులైలో వచ్చి వెళ్ళిపోయినవాళ్ళకు ఈ అడవి బోసిగా కనిపిస్తుంది. ప్లాట్లు ఏర్పాటు చేస్తే రెండు వానల్లోనూ, వానకూ వానకూ మధ్యనా చూడాలి. వేసవి మంటలు ఈ కొండల్లో మామూలు. కాలిన ప్లాటు, కాలని ప్లాటు రెండూ ఉండాలి.

సేకరించేటప్పుడు కనిపించే గొడుగును పీకి సంచిలో వేసుకోవడం ఎంత సులువో, అంత నష్టం. నేలలో ఉన్నట్టే ఫోటో తీయాలి. అడుగున తిత్తి ఉందేమో తెలియాలంటే కత్తితో కింది నుంచి లేపాలి. అమానిటా జాతుల్ని విడదీసేది చాలాసార్లు ఆ తిత్తే. కోసిన చోట రంగు మారుతుందా, పాలు కారుతాయా, ఆ పాలు కాసేపటికి ఏ రంగు తిరుగుతాయి, వాసనేమిటి అన్నవి అక్కడికక్కడే రాయాలి. ఎండాక ఇవేవీ మిగలవు. కాగితం మీద బోర్లించి సిద్ధబీజాల రంగు పట్టుకోవాలి. పాలిథీన్ కవర్ వద్దు, అందులో గంటల్లో చెమ్మగిల్లి కుళ్ళిపోతుంది. డీఎన్ఏ కోసం చిన్న ముక్కను వేరుగా తీసి, మిగతాది తక్కువ వేడి మీద ఎండబెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది చెట్టును. 'జాలారి కింద' అని రాస్తే సరిపోదు. మిశ్రమ అడవిలో వేరు పక్క చెట్టుది కావచ్చు. గొడుగు కింది మట్టి దిమ్మెను కోసి, కడిగి, వేరు కొనలను సూక్ష్మదర్శినిలో చూసి, ఆ కొనలోని శిలీంధ్రపు డీఎన్ఏ గొడుగుతో సరిపోయిందా, వేరు డీఎన్ఏ జాలారిదేనా అని రెండూ తేల్చాలి. ఖర్చుతో కూడిన పనే. అయినా ప్రతి నమూనాకూ కాకపోయినా ప్రతి జాతికీ ఒకసారైనా చేయాలి.

తెలుగు నేల మీద ఇంకో చిక్కు ఉంది. జామాయిల్, సరుగుడు తోటలు, అరకు కొండల్లోని పైన్ తోటలు, అన్నీ బయటినుంచి వచ్చిన బాహ్య మైకోరైజా చెట్లు. చెట్టుతో పాటు దాని శిలీంధ్రమూ ప్రయాణిస్తుంది. ప్యూర్టోరికోలో పైన్ మొక్కలు శిలీంధ్రం ఉన్న మట్టి కలిపేదాకా బతకలేదు. తోటలో దొరికిన దాన్ని 'తూర్పు కనుమల కొత్త రికార్డు'గా రాసేస్తే స్థానిక సంపద లెక్క ఉబ్బుతుంది, పరాయిది ఎక్కడిదాకా చొరబడిందో మాత్రం తెలియదు. న్యూజిలాండ్‌లో అమానిటా మస్కేరియా పరాయి చెట్ల నుంచి స్థానిక నోతోఫాగస్ అడవిలోకి పాకింది. తోటలను వదిలేయనక్కరలేదు. వాటికి వేరే ఖాతా ఉండాలి.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం కొత్త జాతి నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో ఉంచాలి. 2013 జనవరి నుంచి కొత్త శిలీంధ్రం పేరు చెల్లాలంటే ముందు మైకోబ్యాంక్ లాంటి రిజిస్టర్‌లో సంఖ్య తీసుకోవాలి. ఈ రెండూ మంచి నిబంధనలే. అటవీ అనుమతికి ఏడాది పడితే మాత్రం ఒక ఈశాన్య వాన చేజారిపోతుంది. జిల్లా కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలకు కొన్నేళ్ళకు కలిపి ఒకేసారి అనుమతి ఇస్తే ఏటా కొత్తగా మొదలుపెట్టే బాధ తప్పుతుంది. గ్రామ స్థాయి జీవవైవిధ్య రిజిస్టర్లలో ఔషధ మొక్కలకు పేజీలున్నాయి, శిలీంధ్రాలకూ ఉండాలి. కొండల్లో తిరిగే యానాదులు, ఉత్తరాంధ్ర సవరలు, జాతాపులు ఏది ఎప్పుడు ఏ చెట్టు కింద వస్తుందో చెబితే, వాళ్ళ పేరు సేకర్తగా నమూనా చీటీ మీద ఉండాలి, కృతజ్ఞతల పేరాలో కాదు. తినదగినదన్న మాటను మాత్రం నమూనా గుర్తింపు పూర్తయ్యేదాకా అచ్చులో పెట్టకూడదు. అమానిటాల్లో ప్రాణం తీసేవి ఉన్నాయి.

ఈ పని వెంటనే ఉపయోగపడేది నర్సరీ వాళ్ళకు. డిప్టెరోకార్ప్ గింజలు సాధారణంగా కొన్ని వారాలకే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి, నిల్వ ఉంచలేం. మొలిచిన మొక్కకు తొలి నెలల్లోనే శిలీంధ్రం అందాలి. అందుకే ఆగ్నేయాసియా నర్సరీల్లో తల్లిచెట్టు కింది మట్టిని సంచుల్లో కలపడం పాత అలవాటు. తంబ జాలారి నారు పెంచేవాళ్ళు ఆ మట్టిని ఏ చెట్టు కింద, ఏ నెలలో తీశారో రాసి, మొక్కలు నాటిన రెండో ఏట కొన్నిటి వేరు కొనలు చూస్తే, అడవిలోని శిలీంధ్రాల్లో ఏది నారుతో పాటు కొత్త చోటికి వెళ్ళిందో, ఏది వెళ్ళలేదో తెలుస్తుంది. ప్లాటు పని మొదలైన మొదటి ఈశాన్య వానలోనే ఈ రెండో లెక్కనూ మొదలుపెట్టవచ్చు. దానికి కావలసినవి ఒక జల్లెడ, ఒక స్టీరియో మైక్రోస్కోపు, కడిగిన వేళ్ళను వేసి ఉంచడానికి ఆల్కహాల్ సీసాలు, ఆ సీసాల మీద చెరిగిపోని సంఖ్యలు.